కాలేజీల కబడ్డీకి కోర్టు గీయడం ఇలా

ఉస్మానియా, ఆంధ్ర వంటి విశ్వవిద్యాలయాల కబడ్డీ జట్టులో చోటు కోసం కుర్రాళ్లు అంతర్ కళాశాలల పోటీల్లోనే సత్తా చూపాలి. గీత తప్పితే పాయింటు తప్పుతుంది. కాబట్టి కోర్టు కొలత సరిగ్గా ఉండాల్సిందే.

పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. నాలుగు మూలలా మేకులు కొట్టి, మూల నుంచి మూలకు స్టీలు టేపుతో కొలవండి. రెండు వైపులా 16.40 మీటర్లు వస్తేనే మూలమట్టం కుదిరినట్టు. పురికొసతో కొలవకండి, లాగితే సాగుతుంది. గీత పట్టుకోవడానికి మాత్రం అదే మేలు.

పొడవులో సగానికి, 6.5 మీటర్ల దగ్గర, మధ్య గీత వేయండి. అక్కడి నుంచి రెండు వైపులా 3.75 మీటర్లకు బాక్ లైన్ (కూతకు వెళ్లినవాడు ఎవరినీ తాకకపోతే దాటి తీరాల్సిన గీత), 4.75కు బోనస్ లైన్ (అదనపు పాయింటు కోసం దాటే గీత). చాలామంది తడబడేది ఇక్కడే: కోర్టు చివరనున్న వెనుక గీత నుంచి ఒక మీటరు కొలిచి బోనస్ లైన్ గీసేస్తారు. నిజానికి ఆ దూరం 1.75 మీటర్లు ఉండాలి.

పక్కల లాబీలు, అంటే పొడవు అంచుల వెంబడి ఉండే పట్టీలు, చెరో మీటరు, పది మీటర్ల వెడల్పు లోపలే. బయట కలిపితే కోర్టు 12 మీటర్లయిపోతుంది.

గీతలు 5 సెంటీమీటర్లు మించకూడదు. సున్నం వద్దు, ముగ్గుపిండే వాడండి. పట్టులో బోర్లాపడ్డ ఆటగాడి కళ్లలో సున్నం పడితే చూపుకే ముప్పు.

మహిళల కోర్టుకు 12, 8 మీటర్లు. బాక్ లైన్ 3, బోనస్ 4.