జీవుల చుట్టరికాలు – 4వ పాఠం: మొసలి ఎవరికి దగ్గర?

పోయినసారి కప్ప, బల్లి, మొసలి, కాకి, గబ్బిలం ఇచ్చి, ఏది దేనికి దగ్గరో గుంపులు చేయమన్నాను. రెక్కలు చూసి కాకినీ గబ్బిలాన్నీ ఒకచోట పెట్టారా? మొసలిని బల్లి పక్కన కూర్చోబెట్టారా? సిగ్గుపడక్కర్లేదు. జీవులన్నిటినీ గుంపులుగా వర్గీకరించిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ అంతటివాడు కూడా 1758లో మొసలిని బల్లుల ప్రజాతిలోనే, అంటే దగ్గరి జాతుల గుంపులోనే రాశాడు.

ఇవాళ్టి పని, ఏ పోలిక చుట్టరికాన్ని చూపిస్తుందో, ఏది చూపించదో పట్టుకోవడం.

కాగితం మీద గడులు గీయండి. నిలువుగా జీవులు, అడ్డంగా లక్షణాలు. మొదటిది నాలుగు కాళ్లు. కాకికీ గబ్బిలానికీ ముందుకాళ్లే రెక్కలయ్యాయి కాబట్టి ఐదింటికీ టిక్కే. అందరికీ ఉన్నది ఎవరినీ విడదీయదు, కొట్టేయండి. పిండం చుట్టూ ఉండే నీటిసంచి కప్పకు తప్ప అన్నిటికీ ఉంది. అంటే కప్ప కొమ్మ విడిపోయాక, మిగతా నాలుగింటి పూర్వీకుల్లో వచ్చిన కొత్త ఏర్పాటు ఇది. మనకు కావాల్సింది ఇలాంటివే. వెంట్రుకలు, పాలు ఇక్కడ గబ్బిలానికి మాత్రమే ఉన్నాయి. అవి దాన్ని మన వైపు, అంటే క్షీరదాల వైపు లాగుతాయి.

అసలు టెన్షన్ గుండె దగ్గర. నాలుగు గదుల గుండె మొసలికి, కాకికి, గబ్బిలానికి ఉంది; బల్లికి లేదు. మరి ఈ మూడూ ఒక గుంపా? తొందరపడకండి. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని కాకిలో కుడివైపు వంగుతుంది, గబ్బిలంలోనూ మనలోనూ ఎడమవైపు. పాలిచ్చే జీవుల వంశంలో ఈ గుండె విడిగా తయారైందనడానికి ఇదొక ఆధారం. రెక్కల సంగతీ అంతే: కాకి రెక్కకు ఈకలు, గబ్బిలానికి వేళ్ల మధ్య సాగిన చర్మం.

కోడికూర వండేవాళ్లకు కందనకాయ తెలుసు. అలాంటి దళసరి కండరసంచి మొసలి కడుపులోనూ ఉంది. గుండెతో కలిపి చూస్తే మొసలి బల్లికన్నా కాకికే దగ్గర. కాబట్టి పక్షుల్ని బయట పెట్టి ‘సరీసృపాలు’ అని గీత గీయడం, వంశవృక్షంలో ఒక తమ్ముడి పేరు కావాలని ఎగ్గొట్టడమే. పూర్వీకుడి సంతానమంతా ఒకే గుంపులో ఉండాలని 1950లో జర్మన్ కీటక శాస్త్రవేత్త విల్లీ హెనిగ్ పట్టుబట్టింది ఇందుకే. పాఠ్యపుస్తకాలు చాలావరకు ఇంకా పాత గీతనే గీస్తున్నాయి.

వచ్చే పాఠానికి సొరచేప, బొచ్చె చేప, డాల్ఫిన్, ఆవు తీసుకోండి. లక్షణాలు మూడు: ఈత రెక్కలు, గట్టి ఎముకలు, పాలు. గడులు నింపాక, మిమ్మల్ని మోసం చేయబోయే లక్షణం చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంచండి.