సుంకం వార్త వచ్చిన రోజు చెరువు గట్టు మీద వేయాల్సిన లెక్క

2025 ఏప్రిల్ 2న అమెరికా మన సరుకు మీద 26 శాతం సుంకం ప్రకటించింది. తెల్లారేసరికి పశ్చిమ గోదావరి జిల్లాలో మా ఉండి ఊరి వైపు ఏజెంట్లు రొయ్య రేటు దించేశారు. నాది మూడెకరాల లీజు చెరువు. భయపడి 60 కౌంట్‌లోనే రొయ్యలు పట్టించి అమ్మేశాను. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అది. 9వ తేదీన 10 శాతం మాత్రం ఉంచి మిగతాది 90 రోజులు వాయిదా వేశారు. అప్పటికే నా రొయ్యలు ఐసులో, ఎగుమతికి శుభ్రం చేసి ప్యాక్ చేసే ప్లాంటుకి వెళ్లిపోయాయి.

అందుకే వార్త రాగానే ముందు అమలు తేదీ చూడండి. ఆ ఏడాది ఆగస్టు 7న 25 శాతం, 27న ఇంకో 25 శాతం పడింది. అంతకుముందే ఓడ ఎక్కిన సరుకుకి కొంత వెసులుబాటు ఇచ్చారు. తేదీ దూరంగా ఉంటే ఏజెంటు తొందర పెట్టినా మీరు తొందరపడకండి. కనీసం ముగ్గురిని రేటు అడగండి.

తర్వాత ఈక్వడార్ సంగతి చూడండి. రొయ్యల్లో మనకి గట్టి పోటీ వాళ్లే. మనకి 50 పడ్డప్పుడు వాళ్లకి 15 శాతమే. సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారే, కానీ వాడు వేరే దేశం వైపు తిరుగుతానంటే ప్లాంటు రేటు తగ్గించుకుంటుంది, ఆ తగ్గింపు మన రేటులో కోస్తుంది. ప్లాంటుకైతే కోల్డ్ స్టోరేజీ ఉంది. మన రొయ్య మాత్రం రోజూ మేత అడుగుతుంది.

ఇక అసలు లెక్క. చెరువులో రెండు లక్షల రొయ్య ఉందనుకోండి. 50 కౌంట్‌లో పడితే నాలుగు టన్నులు, 40 దాకా పెంచితే ఐదు టన్నులు. ఇవాళ్టి 50 కౌంట్ రేటుని 4,000తో, 40 కౌంట్ రేటుని 5,000తో గుణించండి. ఆ తేడాలోంచి టన్నున్నర పైచిలుకు మేత, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకి ఇరవై రోజుల కరెంటు, మందులు తీసేయండి. లక్ష కూడా మిగలదంటే నేను ఆగను, 50లోనే పట్టేస్తాను. ఈలోగా రొయ్యల్ని చంపే వైట్ స్పాట్ వైరస్ జబ్బు వస్తే ఆ లక్ష కాదు, మొత్తం పోతుంది. ఇంకో మాట, అమెరికాకి ఎక్కువగా వెళ్లేది పెద్ద రొయ్య. సుంకం దెబ్బ 30, 40 కౌంట్‌కే ముందు తగులుతుంది కాబట్టి ఆ రేటు ఇంకాస్త తగ్గుతుందనుకునే లెక్క వేయండి. ఎటూ తేల్చుకోలేకపోతే సగం పట్టేసి సగం ఉంచడం ఉత్తమం. చెరువు మీద బరువు తగ్గి మిగిలినవి బాగా పెరుగుతాయి.

టీవీ కంటే నేను ఎక్కువ నమ్మేది మా వీధిలోకి వచ్చే ప్లాంటు వ్యానుని. పీలింగ్‌కి వెళ్లే ఆడవాళ్లు ముగ్గురున్నారు. తల తీసి, పెంకు ఒలిచిన కిలోల లెక్కనే వాళ్లకి డబ్బులు. వ్యాను రాని రోజు కూలి లేదు. రేటు పడితే నాకు అప్పు పెరుగుతుంది, వాళ్లకైతే ఆ వారం సరుకులే ఆగిపోతాయి. చెరువులో రొయ్య పిల్ల (సీడు) వేసే ముందు వాళ్లని అడుగుతాను, వ్యాను ఎన్ని రోజులొస్తోందమ్మా అని. ఆరు రోజులంటే ప్లాంటులో ఆర్డర్లున్నట్టే. 2025 సెప్టెంబరులో మూడు రోజులే అన్నారు. ఆ పంటకి సీడు సగమే తెచ్చాను.