టైప్ 1 డయాబెటిస్ ఉన్న పిల్లలు ఆటకి వెళ్తే షుగర్ ఎలా చూసుకోవాలి?

మా వాడికి పదిహేనేళ్లు. టైప్ 1 వచ్చి ఆరేళ్లయింది, వారానికి నాలుగు సాయంత్రాలు బ్యాడ్మింటన్. "షుగర్ పెట్టుకుని ఆటలేంటి" అనే చుట్టాలకి కాఫీ ఇచ్చి పంపించేయండి.

సంచిలో మీటరు, స్ట్రిప్పులు, నీళ్లు, గ్లూకోజ్ పొడి. చాక్లెట్ పెట్టకండి, అందులో కొవ్వు వల్ల షుగర్ నిదానంగా ఎక్కుతుంది, ఈలోపు పిల్లాడు వణికిపోతుంటాడు. ఆ పూట ఇన్సులిన్ తొడకి వద్దు, పొట్టకే. కోచ్‌కి విషయం ముందే చెప్పాలి.

ఆటకి ముందు 126 నుంచి 180 మధ్య ఉంటే హాయి. 90 లోపుంటే 15 గ్రాముల గ్లూకోజ్ తాగించి, పెరిగాకే కోర్టులోకి. 250 దాటితే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒళ్లు కొవ్వు కరిగించి తయారుచేసే ఆమ్లాలు) చూడండి, రక్తంలో 1.5 mmol/L గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఆ రోజు ఆట లేదు. నాలుగింటికి టిఫిన్ తిని ఐదింటికి ఆడేవాళ్లకి ఆ టిఫిన్ డోసు తగ్గించాలి, ఎంతన్నది మీ డాక్టర్‌తో తేల్చుకోండి. మాకు సగంతో మొదలైంది.

ఇక అందరూ దెబ్బతినేది రాత్రి. మ్యాచ్ టెన్షన్‌కి అడ్రినలిన్ ఎగదోసి, ఇంటికొచ్చేసరికి మీటరు 240 చూపిస్తుంది. మనం గాభరాపడి పూర్తి డోసు వేసేస్తాం. వేయకండి! కీటోన్లు లేకపోతే ఒక గంట ఆగండి, చాలాసార్లు అదే దిగుతుంది. అలసిన కండరాలు ఖాళీ అయిన నిల్వ నింపుకోవడానికి రాత్రంతా రక్తంలోంచి చక్కెర లాగుతూనే ఉంటాయి, అందుకే సాయంత్రం ఆడితే అర్ధరాత్రి దాటాక, ఏడు నుంచి పదకొండు గంటల తర్వాత కూడా, షుగర్ బాగా పడిపోతుంది. మొదటి ఏడాది నేను ఈ తప్పే చేశాను. రెండింటికి లేచి చూస్తే దిండు చెమటతో తడిసి ఉంది, మీటర్లో 48.

అప్పట్నుంచి మా ఇంట్లో పద్ధతి ఇదీ: ఆడిన రోజు పడుకునే ముందు 126 లోపుంటే ఇన్సులిన్ లేకుండా పాలు, రెండు బిస్కెట్లు. బాగా ఎక్కువ ఆడిన రోజు రాత్రి వేసే లాంగ్ యాక్టింగ్ (నిదానంగా, చాలా గంటలు పనిచేసే) ఇన్సులిన్ డోసు 20 శాతం తగ్గిస్తాం, ఇదీ డాక్టర్‌ని అడిగాకే. రెండింటికి అలారం. ఒంటికి అంటించి షుగర్ చూసే సెన్సర్ ఉంది కదా అనకండి, షుగర్ వేగంగా పడేటప్పుడు అది వెనకబడుతుంది, అనుమానమొస్తే వేలికి పొడిచి చూడాల్సిందే.

మావాడు ఇప్పుడు లేవనే లేవడు, నిద్రలోనే దుప్పట్లోంచి వేలు బయటికి చాపుతాడు.