పసిపిల్లల నిద్ర – మూడవ పాఠం: పెందలాడే నిద్రకు పావుగంట మెట్లు

గత పాఠంలో స్నానం, పళ్ళు తోముకోవడం, కథ, దీపం ఆర్పడం అనే నాలుగు పనులను ఒక వరుసలో పెట్టుకుని, ఏడు రాత్రులపాటు బిడ్డ నిద్రపోయిన సమయాన్ని రాసి ఉంచమన్నాము. ఆ కాగితం ఎదురుగా ఉంటేనే ఈ పాఠం సాగుతుంది. పడుకోబెట్టిన సమయం కాదు, నిజంగా కన్నంటిన సమయమే మనకు కావాలి.

మూడేళ్ళ పాపను 8 గంటలకు పడుకోబెడుతున్నా 9:15 ప్రాంతంలో గాని నిద్రపోవడం లేదనుకుందాం. మధ్యలోని గంటంపావు మంచినీళ్ళకు, ఇంకో కథకు, ఏడుపుకు, బుజ్జగింపుకు సరిపోతుంది. దీనిని చాలామంది మొండితనమంటారు గాని, ఆ వేళకు పాప శరీరం నిద్రకు సిద్ధం కాలేదనుకోవడమే న్యాయం. పక్క ఎక్కడమంటే పేచీ మొదలుపెట్టడమే అన్న అలవాటు రోజురోజుకూ ముదరడం ఇందులోని అసలు నష్టం.

అందువల్ల మొదటి పని విడ్డూరంగా తోచవచ్చు: నిద్రవేళను ఆలస్యం చేయాలి. వరుసను 8:35కు మొదలుపెట్టి 9:10కి దీపం ఆర్పండి. ఇరవై నిమిషాలలోపే నిద్ర పట్టడం వరుసగా మూడు రాత్రులు జరిగితే, పనుల క్రమాన్ని ఏమాత్రం మార్చకుండా, మొత్తం వరుసను పావుగంట పెందలాడే మొదలుపెట్టి మరో మూడు రాత్రులు గమనించండి. ఉదయం లేపే సమయం మాత్రం కదలకూడదు. ఆలస్యంగా పడుకుందన్న జాలితో ఒక్కరోజు వదిలేసినా ఆ రాత్రి లెక్క తప్పుతుంది.

ఎక్కడ ఆగాలన్నది బిడ్డ వయసును బట్టి ఉంటుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చేసిన సూచన ప్రకారం 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలకు, పగటి కునుకుతో కలిపి, రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర అవసరం. మన పాప పగలు ఒక గంట నిద్రపోయి, ఉదయం 6:30కి లేస్తున్నట్లయితే, 9:15 నిద్రతో పదింబావు గంటలే దక్కుతాయి. మూడు మెట్లు దిగి 8:25కు దీపం ఆర్పగలిగితే ఇంచుమించు పదకొండు గంటలవుతాయి.

ఏదైనా మెట్టు దగ్గర నాలుగైదు రాత్రులు కదలిక లేకపోతే బిడ్డను కాదు, ముందు గదిలోని వెలుతురును అనుమానించండి. నిద్రను పిలిచే మెలటోనిన్ అనే హార్మోను ప్రకాశవంతమైన కాంతిలో తగ్గిపోతుంది. కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో బడికి వెళ్ళని వయసు పిల్లలలో చూసినప్పుడు, దీపం తీసేసిన 50 నిమిషాల తరువాత కూడా చాలామందిలో అది కోలుకోలేదు. కాబట్టి స్నానానికి ముందే పెద్ద దీపాలు, టీవీ, ఫోను ఆపివేయండి. కథకు చిన్న దీపం చాలు. గురక తరచుగా వినిపిస్తుంటే మాత్రం ఈ మెట్లతో పని లేదు, వైద్యుడికి చూపించాలి.

వచ్చే పాఠం అర్ధరాత్రి మెలకువల గురించి. అప్పటివరకు కాగితంలో మరో గడి గీసి, రాత్రి బిడ్డ లేచినప్పుడు మీరు మొదట ఏం చేశారో రాసి ఉంచండి.