వీధిలో బండ్ల స్పీడు: కారణం పట్టుకున్నాకే స్పీడ్ బ్రేకర్

తిరుపతిలో ఏ కాలనీకి పోయినా తల్లిదండ్రుల మాట ఒకటే: "పిల్లోళ్లని గేటు బయటికి పంపాలంటే భయంగా ఉంది." అందరూ అడిగే మందు కూడా ఒకటే, స్పీడ్ బ్రేకర్. అది కొన్ని వీధుల్లో బాగా పనిచేస్తుంది. కొన్నిట్లో ఏ ఉపయోగమూ ఉండదు. ఇష్టమొచ్చినట్టు కడితే కొత్త ప్రమాదం తెస్తుంది. స్పీడుగా వస్తున్నది ఎవరు, ఏ టైములో, ఎందుకు అన్నది ముందు తేల్చుకోవాలి.

మొదట వేగం కొలవండి

ట్రాఫిక్ తక్కువున్నప్పుడు వీధిలో టేపుతో 50 మీటర్లు కొలిచి, రెండు చివర్లా గోడ మీద సుద్దతో గుర్తు పెట్టండి. మిద్దె మీద నుంచి రెండు గుర్తులూ కనపడేలా ఫోన్‌లో వీడియో తీయండి. ఆ దూరాన్ని బండి 6 సెకన్లలో దాటితే గంటకు 30 కిలోమీటర్లు. నాలుగున్నర సెకన్లయితే 40. మూడు సెకన్లయితే 60.

పిల్లలు తిరిగే వీధికి 30 చాలు. ఆగి ఉన్న రెండు కార్ల సందులోంచి బంతి రోడ్డు మీదికి వచ్చిందనుకోండి. దాని వెనకే నాలుగేళ్ల పిల్లోడు వస్తాడు. కారు బానెట్ చాటున వాడి తల కూడా కనపడదు. డ్రైవర్ వాణ్ణి చూసి బ్రేక్ తొక్కడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, ఆ సెకనులో 30 మీద వచ్చే బండి 8 మీటర్లు కదులుతుంది. 60 మీద వచ్చేది దాదాపు 17 మీటర్లు. బ్రేక్ పడ్డాక ఆగడానికి పట్టే దూరం రెట్టింపుతో పోదు, నాలుగింతలవుతుంది.

వారం రోజులు టైము, బండి రకం ఒక నోటు పుస్తకంలో రాయండి. వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పొద్దు. వాటిని చూపించాల్సింది అధికారులకే.

రోజూ అదే టైము, అవే బండ్లు

ఎక్కువ వీధుల్లో తేలేది ఇదే. వీళ్లు బయటివాళ్లు కారు. స్కూల్ ఆటో, వాటర్ ట్యాంకర్, డెలివరీ కుర్రాళ్లు, పక్క సందులోని హాస్టల్ పిల్లలు. వీళ్ల తొందరకు కారణం చాలాసార్లు మన గడపలోనే ఉంటుంది. ఒక ఆటో డ్రైవర్‌ను ఆపి, "అన్నా, మా వీధిలో కొంచెం మెల్లగా పోండన్నా" అని అడిగితే ఆయన చెప్పింది వినండి: "నాకేమన్నా సరదానా మేడమ్? ఒక్కో ఇంటి ముందర హారన్ కొట్టుకుంటా నిలబడాల. స్కూల్లో టైముకు గేటేస్తారు. పోయిన టైము యాడ పూడ్చుకునేది?"

ఆయన మాటలో న్యాయముంది. నాలుగు ఇళ్ల దగ్గర బూట్లు దొరక్క ఆలస్యమైతే, ఐదో ఇంటి నుంచి ఆటో పరుగెత్తుతుంది. కాబట్టి వీధి మొదట్లో ఒకచోట పిల్లల్ని అందరినీ ముందే సిద్ధంగా నిలబెట్టండి, ఒక పెద్ద మనిషి తోడుండాలి. ఆటో లోపలికి రావాల్సిన పనే తప్పుతుంది. ట్యాంకర్ డ్రైవర్‌కు ట్రిప్పుల లెక్కన డబ్బులొస్తాయి, ఆయన తొందర అందుకే. ట్యాంకర్ ఓనర్‌తో మాట్లాడి, పిల్లలు స్కూలుకు వెళ్లాక వచ్చేలా టైము పెట్టించండి. డెలివరీ కుర్రాడికి ఆర్డర్ పెట్టేటప్పుడే "తొందర లేదు, మెల్లగా రండి" అని రాయొచ్చు. నిలదీసేలా కాక, పేరు అడిగి, మంచినీళ్లిచ్చి మాట్లాడితే మాట నిలబడుతుంది.

బండి నడిపేది మన వీధి మైనర్ అయితే మాత్రం మెతకగా ఉండొద్దు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం, మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడుతుంది. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది, ఆ అబ్బాయికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఈ సంగతి తెలిస్తే తాళం దాచే ఇళ్లు చాలానే ఉంటాయి.

శనివారాలు, పండగ రోజుల్లో బయటి నంబర్లు

తమిళుల పెరటాసి నెలలో శనివారాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి. మెయిన్ రోడ్లు నిండిపోతే, తమిళనాడు, కర్ణాటక నంబర్ల కార్లు ఫోన్‌లో మ్యాప్ చూపించిన సందుల్లోకి దిగుతాయి. ఆ డ్రైవర్‌కు మన వీధి అడ్డదారి మాత్రమే. రాత్రంతా నడిపి అలసిపోయి ఉంటాడు. అతనితో మాట్లాడి మార్చలేం, మళ్లీ రాడు కూడా.

దీనికి దారి వీధి మొదట్లోనే అడ్డుకోవడం. ఆ రోజుల్లో బారికేడ్ పెట్టమని ట్రాఫిక్ పోలీసులకు ముందే అర్జీ ఇవ్వండి. సొంతంగా రాళ్లు, డ్రమ్ములు అడ్డం పెట్టొద్దు, అంబులెన్స్ ఇరుక్కుంటుంది. "పిల్లలు ఆడుకునే వీధి, మెల్లగా" అనే బోర్డు తెలుగుతో పాటు తమిళంలో, కన్నడంలో కూడా రాయించాలి.

సీసీ రోడ్డు పడ్డాక స్పీడు పెరిగింది

గుంతలున్నప్పుడు తగ్గినవాళ్లు నున్నటి రోడ్డు మీద తగ్గరు. ఇక్కడే స్పీడ్ బ్రేకర్‌కు అర్థముంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో గుండ్రటి వీపులా ఉండాలి, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా. నలుపు తెలుపు చారలు వేసి, 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి. మిగిలిన సిమెంటుతో కాలనీవాళ్లు కట్టే అడుగు వెడల్పు గట్టు మీద రాత్రిపూట స్కూటీ ఎగిరి పడుతుంది. వెనక కూర్చున్న ముసలాళ్ల నడుములు పోతాయి. అలాంటివి కట్టొద్దు, ఉంటే తీయించండి.

అర్జీ వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి, లేదా ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కు ఫోన్ చేయండి. "స్పీడుగా పోతున్నారు" అని రాస్తే పక్కన పడేస్తారు. మీరు కొలిచిన వేగాలు, టైములు, మలుపు ఫోటో, ఇళ్లవాళ్ల సంతకాలు జత చేయండి.

గంటకు 30 వేగ పరిమితి బోర్డు కూడా అదే అర్జీలో అడగండి. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మున్సిపల్ పరిధిలో గరిష్ఠ వేగం కార్లకు 70, మోటార్ సైకిళ్లకు 60. తక్కువ పరిమితి చెప్పే బోర్డు లేని సందులో 55 మీద పోయిన బైకు మీద ఓవర్ స్పీడ్ కేసు నిలబడటం కష్టం. అప్పుడు ఫిర్యాదులో ప్రమాదకరమైన డ్రైవింగ్ అని రాయాలి. మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్ కింద మొదటిసారికి వెయ్యి నుంచి 5 వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ.

రాత్రిళ్లు బైకు రేసులు

112కు ఫోన్ చేయండి. ఎదురెళ్లి ఆపొద్దు.

కుక్క బండ్ల వెంట పడుతోంది

కుక్క తరిమితే బైకువాడు భయంతో ఇంకా ఎక్సలేటర్ తిప్పుతాడు, ఇద్దరికీ ముప్పే. పెంపుడు కుక్కను గేటు లోపలే ఉంచి, తాడుతోనే బయటికి తీసుకెళ్లండి. రాత్రి మెరిసే బెల్టు మెడకు కడితే దూరం నుంచే కనపడుతుంది. వీధి కుక్కలకు, ఆవులకు తిండి రోడ్డు అంచున కాకుండా ఖాళీ స్థలంలో పెట్టండి. ఆగిన కారు తీసేముందు వంగి కింద చూడాలి. నీడకు కుక్కపిల్లలు అక్కడే పడుకుంటాయి.

ఇప్పటికే గుద్దేశారు

మనిషికైతే 108. తలకు, మెడకు దెబ్బ తగిలిందనుకుంటే పక్కన ప్రాణాపాయం ఉంటే తప్ప కదిలించొద్దు. బండి నంబరు రాసుకోండి, చుట్టుపక్కల ఇళ్ల సీసీ కెమెరా రికార్డింగ్ అదే రోజు కాపీ చేయించండి, కొన్నాళ్లకు అది చెరిగిపోతుంది. గుద్దినవాడు ఆగి వైద్యసాయం అందేలా చూడాలని అదే చట్టంలోని 134 సెక్షన్ చెబుతోంది. సాయం చేసినవాళ్లను ఇబ్బంది పెట్టకుండా 134ఎ కాపాడుతుంది. బండి దొరక్కపోయినా హిట్ అండ్ రన్ కింద చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేల రూపాయల పరిహారం ఉంది, దానికి ఎఫ్ఐఆర్ తప్పనిసరిగా పెట్టించాలి.

ఆవుకో దూడకో తగిలితే సంచార పశువైద్య సేవ నంబరు 1962కు ఫోన్ చేయండి. కుక్కనైతే మందపాటి దుప్పటిలో చుట్టి ఎత్తండి, నొప్పితో కరుస్తుంది. మన ఊళ్లోనే వెటర్నరీ యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రి ఉంది, ముందే ఫోన్ చేసి, డాక్టర్ ఉన్నారో లేదో కనుక్కుని బయల్దేరండి.