లైకులు లెక్కపెట్టకండి

మా ఫొటోగ్రఫీ గ్రూప్‌లో మొదటి బహుమతి పోటీని లైకులతో నడిపాను. నీటి బొట్టులో పువ్వు తలకిందులుగా కనిపించే ఫొటో ఒకటి వచ్చింది, ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. దానికి ఏడే లైకులు. పరిచయాలు ఎక్కువున్నవాళ్లు గెలిచారు. చాలా బాధేసింది.

ఇప్పుడు ఎంట్రీలన్నీ ఒక్కరి దగ్గరికే వస్తాయి. ఆ మనిషి పేర్లు తీసేసి, నంబర్లు వేసి జడ్జిలకు పంపాలి. ఫైల్ పేరు మారిస్తే చాలదు. ఫొటో ఫైల్‌లో దాగి ఉండే వివరాల్లోనూ (ఎక్సిఫ్ అంటారు) తీసినవాళ్ల పేరు ఉండొచ్చు, అదీ చెరిపేయండి. ముగ్గురు జడ్జిలు చాలు, కానీ ఒకరి మార్కులు ఇంకొకరికి కనిపించకూడదు. జడ్జిల ఇంటివాళ్లు పోటీలో ఉండకూడదు, ఇందులో మొహమాటపడొద్దు.

గడువు 'రాత్రి 12' అని రాస్తే ఏ రోజు రాత్రో తెలియక గొడవ. తేదీ, 11:59, టైమ్ జోన్ మూడూ రాయండి. మార్కులు సమానమైతే ఏం చేస్తారో కూడా ముందే చెప్పండి.

మార్కులతో కాకుండా లాటరీతో విజేతను తీస్తుంటే, ఎవరికి ఏ నంబరో ఆ జాబితాను డ్రాకు ముందే అందరికీ చూపించండి. గూగుల్ షీట్స్‌లో ఏదో ఒక అంకెను తీసిచ్చే రాండ్‌బిట్వీన్ ఫార్ములా వాడితే, ఏ గడిలో ఏం మార్చినా అంకె మళ్లీ మారిపోతుంది. మొదట వచ్చిన అంకే లెక్క అని చెప్పి, స్క్రీన్ రికార్డ్ చేయండి.

బహుమతి పంపే కొరియర్ ఖర్చు ఎవరిదో కూడా రూల్స్‌లోనే ఉండాలి.