లైనక్స్ స్టోరేజీ పాఠాలు – 4: ఒక వాల్యూమ్, ఒకే సర్వర్

గత భాగంలో స్టోరేజీ సర్వర్‌పై ఒక వాల్యూమ్ (డిస్కులా వాడుకునే స్థలం) తయారుచేసి, ఐస్కసీ (దూరపు డిస్కును నెట్‌వర్క్ మీదుగా సొంత డిస్కులా వాడుకునే పద్ధతి) ద్వారా నెట్‌వర్క్‌లోకి ఇచ్చాం. దాన్ని ఒక్క సర్వర్‌కే పరిమితం చేయడం ఈ భాగంలో మన పని.

భీమవరంలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ఉందనుకోండి. ఏ చెరువు పట్టుబడిలో ఎన్ని కిలోలు వచ్చాయి, ఎంత కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), రైతుకు ఎంత చెల్లించాలి అన్న వివరాలన్నీ ఆ వాల్యూమ్‌లోనే ఉంటాయి. లెక్కల సర్వర్ వాడుతున్న ఆ వాల్యూమ్‌నే బ్యాకప్ సర్వర్ కూడా మౌంట్ చేస్తే, అంటే తన ఫైళ్లలో కలుపుకుని తెరిస్తే? ఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్ వంటి ఫైల్ సిస్టమ్‌లు డిస్కు తమ ఒక్కదానిదే అన్న నమ్మకంతో పనిచేస్తాయి. ఏ బ్లాకులు ఖాళీగా ఉన్నాయో ప్రతి సర్వర్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) తన మెమరీలోనే గుర్తుంచుకుంటుంది. మొదటి సర్వర్ ఇప్పుడే నింపిన బ్లాకు రెండోదానికి ఇంకా ఖాళీగానే కనిపిస్తుంది. దాని మీదే మరో ఫైలు రాసేస్తుంది. అప్పటికి ఏ హెచ్చరికా రాకపోవచ్చు. రైతు వచ్చి తన బిల్లు అడిగిన రోజున గానీ సంగతి బయటపడదు. చదవడానికి మాత్రమే మౌంట్ చేస్తే ఫరవాలేదనీ అనుకోకండి. అలా మౌంట్ చేసినా, జర్నల్‌లో (మార్పులను ముందుగా రాసిపెట్టుకునే చిట్టాలో) మిగిలిన పని ఉంటే దాన్ని పూర్తిచేయడానికి ఎక్స్‌టీ4 డిస్కుపై రాస్తుంది! కాబట్టి ‘అక్కడ ఎవరూ మౌంట్ చేయవద్దు’ అని నోటిమాటగా చెప్పుకుంటే చాలదు. అడ్డుకట్ట స్టోరేజీ దగ్గరే పడాలి. బ్యాకప్ సర్వర్ తనకు కావలసినవి లెక్కల సర్వర్ నుంచి నెట్‌వర్క్ ద్వారా తీసుకుంటుంది.

ముందు లెక్కల సర్వర్ పేరు తెలుసుకోండి. ఈటీసీ డైరెక్టరీలోని ఐస్కసీ ఫోల్డర్‌లో ఇనీషియేటర్‌నేమ్ ఫైలు తెరిస్తే, ఐక్యూఎన్‌తో మొదలయ్యే పొడవాటి పేరు కనిపిస్తుంది. ఐస్కసీలో ఆ యంత్రాన్ని గుర్తించేది ఈ పేరే, దీన్నే ఐక్యూఎన్ అంటారు. చేత్తో టైప్ చేయకుండా కాపీ చేసుకోండి. ఒక్క అక్షరం తప్పినా లాగిన్ కాదు. స్టోరేజీ సర్వర్‌లో టార్గెట్‌సీఎల్ఐ అనే అమరికల సాధనం తెరిచి, మన టార్గెట్ (వాల్యూమ్‌ను నెట్‌వర్క్‌కు అందించే పేరు) కింది ఏసీఎల్స్ (అనుమతుల జాబితా) విభాగంలో ఆ పేరు చేర్చండి. ‘జనరేట్ నోడ్ ఏసీఎల్స్’ విలువ 0 ఉండాలి. అది 1 అయితే జాబితాలో లేని యంత్రాలకూ ప్రవేశం దొరుకుతుంది. చివరగా, మార్పులను భద్రపరిచే సేవ్‌కాన్ఫిగ్ ఆదేశం ఇవ్వండి.

వర్చువల్ మెషీన్లు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఒక సర్వర్‌ను క్లోన్ చేసి రెండోది తయారుచేస్తే ఐక్యూఎన్ కూడా నకలైపోతుంది, స్టోరేజీకి రెండూ ఒకే యంత్రంగా కనిపిస్తాయి. రెండోదానిలో ఐస్కసీ-ఐనేమ్ ఆదేశంతో కొత్త పేరు పుట్టించి, దాని ఇనీషియేటర్‌నేమ్ ఫైలులో పెట్టి, ఐస్కసీడీ సేవను మళ్లీ ప్రారంభించండి.

ఇప్పుడు బ్యాకప్ సర్వర్‌ను లాగౌట్ చేయించి, తిరిగి లాగిన్‌కు ప్రయత్నించండి. అనుమతి లేదంటూ 24వ నంబరు ఎర్రర్ రావాలి. లాగిన్ అయిపోతే మొదట ‘జనరేట్ నోడ్ ఏసీఎల్స్’ విలువ 0 ఉందో లేదో, తర్వాత రెండు ఐక్యూఎన్‌లను పక్కపక్కన పెట్టి చూడండి. పేరును మరో యంత్రం అనుకరించే వీలు ఇంకా ఉంది. దాన్ని వచ్చే భాగంలో చాప్ (లాగిన్ అయ్యే యంత్రాన్ని రహస్య పాస్‌వర్డ్‌తో తనిఖీ చేసే పద్ధతి) పాస్‌వర్డ్‌తో మూసేద్దాం.